పన్నెండేళ్ళ పిల్లకి తగిన తూటా

శనివారం పొద్దున విశ్వేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తిని, సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో రైలెక్కి, టోవా పాయోలో దిగి, కాబోయే అల్లుడు కాఫీ ఎలా తాగుతాడో ఎవరి కంటా పడకుండా చూసి, భోజనం వేళకు ఇంటికి వచ్చేయడం. ఆ అబ్బాయి తల్లిదండ్రులతో సహా మర్నాడు మధ్యాహ్నం పెళ్ళిచూపులకు రానే వస్తున్నాడు. ఒక్కరోజు ఓపిక పడితే సోఫాలో కూర్చోబెట్టి ఎదురుగానే చూసుకోవచ్చు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని నమ్మడం విశ్వేశ్వరరావుకు చేతకాని పని.

తప్పు పూర్తిగా అతనిది కూడా కాదు. తంజోంగ్ పగార్‌లోని ఒక బ్యాంకులో అతనికి జీతమిచ్చి మరీ అనుమానించమంటారు. ఎవరి ఖాతాలోంచి ఎవరి ఖాతాలోకి డబ్బు వెళ్ళినా, ఎందుకు వెళ్ళింది, ఎందుకు ఇప్పుడే వెళ్ళింది అని ఆరా తీయడం అతని ఉద్యోగం. ఆ పనిలో తల నెరిసింది. ఆఫీసులో మెప్పు తెచ్చిన గుణమే ఇంట్లో ముప్పు తెచ్చింది. పొయ్యి మీద పాలు పొంగినా, ఇందువల్ల ఎవరికి లాభం అని ఆలోచించే స్థితికి వచ్చాడు.

ఈ గుణానికి బలైనవి కూతురు నిఖిల సంబంధాలు. ఒక అబ్బాయి మరీ ఎక్కువ నవ్వాడని వద్దన్నాడు. ఒక అబ్బాయి అస్సలు నవ్వలేదని వద్దన్నాడు. మరొకడు నవ్వవలసిన చోట సరిగ్గా నవ్వాడు గనుక ఎవరో శిక్షణ ఇచ్చి పంపారని తేల్చాడు. చివరికి మధ్యవర్తి సాయిబాబు తెచ్చిన వరుణ్ సంబంధం దగ్గర, అతనితో ఫోనులో మాట్లాడి చూసుకున్న నిఖిల కంచం ముందు కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పేసింది.

"ఈ అబ్బాయి నాకు నచ్చాడు నాన్నా. ఇది కూడా మీరు స్పాయిల్ చేస్తే, ఇంక నేను ఎవరి ముందూ కూర్చోను. సీరియస్ లా."

సింగపూర్‌లో పెరిగిన పిల్ల. 'లా' అని చివర తగిలించిందంటే మాట ఖాయమైపోయినట్టే. తల్లి లీలావతి ఆ మాట విని భర్త వైపు చూసిన చూపు కూడా ఖాయమైనదే. విశ్వేశ్వరరావు సరేనన్నాడు. కాఫీ తాగుతుండగా చాటునుంచి చూడటం స్పాయిల్ చేయడం కిందికి రాదని తనకు తానే తీర్పు ఇచ్చుకున్నాడు.

పైగా అది ఆచారం. పెళ్ళి సంబంధం విషయంలో అడగవలసిన మనిషిని తప్ప ఊరందరినీ అడగడం మనవాళ్ళలో తరతరాలుగా ఉన్నదే. జీతం గురించి తోటి ఉద్యోగిని, కోపం గురించి పక్కింటివాళ్ళని, అలవాట్ల గురించి మంగలిని అడుగుతారు. అసలు మనిషి ఎదురుపడితే మాత్రం "ట్రాఫిక్ బాగా ఉందా?" అని అడిగి ఊరుకుంటారు. వరుణ్‌కు ఏ అలవాటూ లేదనీ, శనివారం పొద్దున తన బ్లాకు దగ్గర తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో కాఫీ తాగడం ఒక్కటే ఉందనీ మధ్యవర్తి సాయిబాబు మెచ్చుకోలుగా చెప్పాడు. విశ్వేశ్వరరావు చెవికి అది మెచ్చుకోలుగా వినపడలేదు. క్రమం తప్పకుండా ఒకే చోట ఒకే వేళకు కూర్చునేవాడు ఎవరికోసమో కూర్చుంటాడన్నది బ్యాంకు నేర్పిన పాఠం.

టోపీ, నల్లకళ్ళద్దాలు, ముక్కు మీదికి మాస్కు వేసుకుని అతను హాకర్ సెంటర్‌కు చేరాడు. స్తంభం పక్క బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, అక్కడివాళ్ళ మాటలో 'చోప్' చేసి, అంటే చోటు పట్టుకుని, కాఫీ తెచ్చుకున్నాడు. మాస్కు తీస్తే మొహం బయటపడుతుంది, తీయకపోతే కాఫీ లోపలికి పోదు. అందుకని కప్పు ముందు పెట్టుకుని దాని ఆవిరి కళ్ళద్దాల మీదికి ఎక్కుతుంటే తుడుచుకుంటూ కూర్చున్నాడు. చుట్టుపక్కల తాతలు అతన్ని జాలిగా చూశారు.

ఫోటోలో చూసిన వరుణ్ వచ్చి సరిగ్గా ముందు బల్ల దగ్గర వీపు ఇటువైపు పెట్టి కూర్చున్నాడు. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. ఇక్కడే పుట్టి పెరిగినా, ఖమ్మం నుంచి వచ్చిన తల్లిదండ్రుల పెంపకంలో తెలుగు చక్కగా మాట్లాడతాడని సాయిబాబు చెప్పింది నిజమే. ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.

"త్రీ నాట్ ఎయిట్ అస్సలొద్దు. పన్నెండేండ్ల పిల్ల అది. ఒక్కసారి భుజం మీద తన్నిందంటే మళ్ళ ట్రిగ్గర్ ముట్టుకోదు. టూ ఫార్టీ త్రీ ఇప్పించు, మెత్తగుంటది. తూటా మాత్రం బరువుది తీసుకోవాలె, తేలికది జింకకు పనికిరాదు." కాసేపు అవతలి మాట విని మళ్ళీ అందుకున్నాడు. "సైలెన్సర్ ఉన్నదా? ఉంటే ఇంకా మంచిది. తన్నుడు తగ్గుతది, చప్పుడుకు పిల్ల బెదరదు. ఈ ముచ్చట అమ్మానాన్నకు చెప్పకు. రేపు ఆ ఇంట్ల భోజనమైనంక నేనే చెప్త."

ఇందులో విశ్వేశ్వరరావు తప్పుగా విన్న మాట ఒక్కటీ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

జేబులో ఒక్క తూటా దొరికితే మనిషి బతుకు బుగ్గిపాలయ్యే దేశంలో, కాబోయే అల్లుడు కాఫీ తాగుతూ తుపాకుల రకాలు ఎంచుతున్నాడు. చిన్నపిల్ల చేత జింకల్ని కొట్టిస్తున్నాడు. సైలెన్సర్ అంటున్నాడు. తల్లిదండ్రులకు తెలియనివ్వడం లేదు. సింగపూర్‌లో జింకలెక్కడివి అన్న సందేహం అతనికి కలిగింది గానీ, మండాయ్ వైపు అడవిలో కణుజు జింకలు రోడ్డు మీదికి వస్తుంటాయని ఎప్పుడో చదివినది వెంటనే గుర్తొచ్చింది. బయోడేటాలో అబ్బాయి హాబీ ట్రెక్కింగ్ అని ఉన్నది కూడా గుర్తొచ్చింది. రెండూ కలిపేసరికి లెక్క కుదిరిపోయింది. ఒక్క గుక్క కూడా తాగని కాఫీ అక్కడే వదిలేసి లేచాడు.

రైల్లో ఎవరిని అడగాలా అని ఆలోచించాడు. లీలావతికి చెబితే "ఆ అబ్బాయినే అడగండి" అంటుంది. అడుగుదామంటే నిఖిల హెచ్చరిక గుర్తొస్తుంది. ఫోనులో వెతుకుదామంటే ఫోను తన పేరు మీద ఉంది. తూటా అని కొట్టీ కొట్టకముందే ఎవరో ఎక్కడో చూస్తారని అతని నమ్మకం. ఎందుకంటే ఆఫీసులో అలా చూసేది తనే. కాబట్టి ముందుగా ఆ విన్నది నిజంగా జరిగే పనేనా, పన్నెండేళ్ళ పిల్ల పేల్చగల తుపాకీ ఉంటుందా అన్నది తెలిసినవాళ్ళ దగ్గర తేల్చుకోవాలని నిర్ణయించాడు. బుకిట్ బటోక్‌లో దిగగానే టెంట్లూ తాళ్ళూ అమ్మే క్యాంపింగ్ దుకాణం ఒకటి కనిపించింది. అడవికి వెళ్ళేవాళ్ళు వచ్చే చోటు గనుక అక్కడివాళ్ళకు తెలిసి ఉంటుందనుకున్నాడు. టోపీ, కళ్ళద్దాలు, మాస్కుతోనే లోపలికి వెళ్ళాడు.

తెలిసినవాళ్ళ అమ్మాయి ఉందనీ, పన్నెండేళ్ళనీ, జింకను కొట్టాలనీ, భుజం నొప్పి పుట్టని తూటా ఏది బాగుంటుందనీ అతను దుకాణదారుణ్ణి ఇంగ్లీషులో లోగొంతుకతో అడిగాడు. సైలెన్సర్ సంగతి కూడా అడిగాడు. దుకాణదారు చాలాసేపు అతన్నే చూసి, తమ దగ్గర టెంట్లు దొరుకుతాయని చెప్పాడు. ఆ చూపులో అనుమానం పసిగట్టడం విశ్వేశ్వరరావుకు కష్టం కాలేదు. అనుమానం పోగొట్టాలంటే మామూలు ఖాతాదారులా ఏదో ఒకటి కొనాలి. ఎర్రరంగు వాటర్ బాటిల్ ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టాడు. మెంబరైతే పది శాతం తగ్గుతుందని దుకాణదారు అన్నాడు. మారువేషంలో ఉన్నవాడు వివరాలు చెప్పకూడదన్న ఇంగితం, తగ్గింపు అన్న మాట చెవిన పడేసరికి ఎటో పోయింది. విశ్వేశ్వరరావు పూర్తి పేరూ, ఫోను నంబరూ తప్పు లేకుండా చెప్పి, స్పెల్లింగ్ కూడా దగ్గరుండి సరిచేయించాడు.

దుకాణంలో పని కాలేదు గనుక ఇంటికి వెళ్ళే దారిలో సాయిబాబుకు ఫోను చేశాడు. సాయిబాబు రిటైరైన ఇంజనీరు. వయసులో ఉన్నప్పుడు వంతెనలు కలిపాడు, ఇప్పుడు వియ్యాలు కలుపుతున్నాడు. ఆయనకు తెలియని విషయం ఉండదని తెలుగు సమాజంలో పేరు. విశ్వేశ్వరరావు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివర్న ఏదో గుర్తొచ్చినట్టు, ఒక చిన్నపిల్ల జింకను కొట్టాలంటే ఎక్కువ తన్నని తూటా ఏదై ఉంటుందని అడిగాడు. ఎందుకని సాయిబాబు అడిగితే తెలిసినవాళ్ళు అడిగారన్నాడు.

మన భాషలో తెలిసినవాళ్ళు అంటే ఎవరో తెలియనంత పసివాడు కాదు సాయిబాబు. తెలిసినవాళ్ళకు షుగర్ ఉందన్నవాళ్ళకే షుగర్ ఉండటం, తెలిసినవాళ్ళ అబ్బాయి ఫెయిలయ్యాడన్నవాళ్ళ అబ్బాయే ఫెయిలవడం ఆయన జీవితమంతా చూశాడు. కనుక్కుని చెబుతానని ఫోను పెట్టేసి, రెండు వైపులా న్యాయంగా ఉండవలసిన మధ్యవర్తి కాబట్టి, వెంటనే వరుణ్ తండ్రి భద్రయ్యకు చేశాడు. పిల్ల మంచిదేననీ, తండ్రి మాత్రం ఎవరో చిన్నపిల్లను వెంటేసుకుని జింకల వేటకు తిరుగుతున్నట్టు తనకు అర్థమైందనీ, చూసుకుని అడుగు వేయమనీ చెప్పాడు. కొడుకు ఆ పిల్లను ఇష్టపడ్డ సంగతి భద్రయ్యకు తెలుసు. అందుకని అతనికి చెప్పకుండా, మర్నాడు ఆ ఇంటికి వెళ్ళి, నోరు జారకుండా, తమకు తామే వాకబు చేసుకోవాలని భార్య భ్రమరాంబతో కలిసి నిర్ణయించుకున్నాడు. ఈ విధంగా ఆదివారం నాటికి రెండు కుటుంబాల మధ్యా మొదటిసారిగా ఏకాభిప్రాయం కుదిరింది.

లీలావతి తెల్లవారకముందే లేచి గోంగూర మాంసం వండింది. ఆమె చేతి గోంగూర మాంసానికి చుట్టుపక్కల బ్లాకుల్లో పేరుంది. గోంగూర కోసం లిటిల్ ఇండియా దాకా వెళ్ళి, కట్టలు తిరగేసి మరీ తెచ్చింది. వియ్యాలవారు వచ్చి కూర్చోగానే పళ్ళేల్లో మొదట అదే వడ్డించింది. భ్రమరాంబ గిన్నెలోకి వంగి చూసి, ముక్కల పరిమాణాన్ని కళ్ళతోనే కొలిచింది.

"మటనేనా వదినా?"

"మటనే వదినగారూ. లేత మేక."

"మేకనే?" అని భ్రమరాంబ మరోసారి అడిగి, పళ్ళెంలో ఆ వైపు వేలు తగలకుండా పప్పన్నం కలుపుకుంది. భద్రయ్య ఇంకా నేర్పుగా ప్రవేశించాడు. మాంసం ఏడ కొంటరు బావగారూ అని అడిగాడు. టెక్కా మార్కెట్‌లో అని విశ్వేశ్వరరావు చెప్పాడు. ఎప్పుడూ కొనుడేనా, లేకపోతే వేరే తీరుగ గూడ వస్తదా అని భద్రయ్య మళ్ళీ అడిగాడు. విశ్వేశ్వరరావు వెంటనే లెక్క వేశాడు. కొనకుండా మాంసం వచ్చే తీరు ఒకటుందని తెలిసినవాడే ఆ ప్రశ్న అడుగుతాడు. తండ్రికి తెలియకుండా కొడుకు చేస్తున్నాడనుకున్నాడు గానీ, ఇది ఇల్లంతా కలిసి చేస్తున్న వ్యవహారంలా ఉంది. ముగ్గురిలో ఇద్దరు మాంసం ముట్టకపోవడం కూడా పాపభయం కిందే జమ కట్టాడు.

వరుణ్ ఒక్కడే రెండోసారి వేయించుకుని తిన్నాడు. విశ్వేశ్వరరావు అతని వైపు తిరిగాడు.

"అడవులంటే ఇష్టమటగా బాబూ? చిన్నపిల్లల్ని కూడా తీసుకెళ్తుంటావా?"

"కుదిరితే తీసుకెళ్త అంకుల్. చిన్నప్పుడే అలవాటు చెయ్యాలె. పెద్దయినంక చేస్తే భయపడతరు."

విశ్వేశ్వరరావు చేతిలో ముద్ద ఆగిపోయింది. అవతల భద్రయ్య ముద్ద కూడా ఆగిపోయింది. పిల్లల్ని అడవికి తీసుకెళ్ళే ప్రస్తావన పిల్ల తండ్రే తెచ్చాడంటే సాయిబాబు అన్నది అక్షరాలా నిజమని భద్రయ్యకు తేలిపోయింది. లీలావతి మాత్రం ఇవేవీ గమనించే స్థితిలో లేదు. మిగిలిపోతున్న మాంసం గిన్నెను, తన పుట్టింటివాళ్ళను ఎవరో తిట్టినట్టు చూస్తోంది. భోజనాలయ్యాక పిల్లలిద్దరూ మాట్లాడుకుంటారని చెప్పి ఆమె వాళ్ళను బ్లాకు కింద ఖాళీగా ఉండే వాయిడ్ డెక్‌లోకి పంపేసింది. మిగిలిన నలుగురూ హాల్లో కూర్చుని వాతావరణం గురించి చాలా జాగ్రత్తగా మాట్లాడుకున్నారు.

అప్పుడు తలుపు చప్పుడైంది. గ్రిల్లు అవతల, తలకు చున్నీ కట్టుకున్న ఒక మలయ్ ఆఫీసరమ్మా, ఆమె వెనక ఒక కుర్రవాడూ, ఇద్దరు పోలీసులు వినయంగా నిలబడి ఉన్నారు. విశ్వేశ్వరరావు మొహం విప్పారింది. నిన్న హాకర్ సెంటర్‌లో తనలాగే విన్న పౌరుడెవరో బాధ్యతగా పోలీసులకు చెప్పాడన్నమాట. తన మీద మాట రాకుండా, కూతురి దృష్టిలో తప్పు లేకుండా పని జరిగిపోతోంది. అతను గ్రిల్లు దగ్గరికి వెళ్ళి, హాల్లోకి వినపడకుండా, మనిషి కింద వాయిడ్ డెక్‌లో నీలం చొక్కాతో ఉన్నాడనీ, పక్కనున్నది తన కూతురు గనుక కాస్త మర్యాదగా పట్టుకోమనీ, తన పేరు ఎక్కడా రానివ్వవద్దనీ చెప్పాడు.

ఆమె అతని పేరు అడిగింది. చెప్పాడు. ఆమె ఫోనులో చూసుకుని తలెత్తింది.

"మీతోనే పని అంకుల్."

నిన్న క్యాంపింగ్ దుకాణంలో టోపీ, మాస్కు పెట్టుకుని, పన్నెండేళ్ళ పిల్లకు తూటాలూ సైలెన్సరూ అడిగినది తమరేనా అని ఆమె చాలా మర్యాదగా అడిగింది. ఆ మర్యాద హాలు చివరిదాకా వినపడింది. భద్రయ్య సోఫాలోంచి లేచి నిలబడి, "నేను అనుకుంటనే ఉన్న" అన్నాడు. లీలావతి భోజనాల బల్ల మీది కొత్త ఎర్ర బాటిల్ వైపు చూసింది.

"ఏమండీ, ఇది ఎక్కడ కొన్నారన్నారు?"

అడగలేదని అంటే దుకాణంలో కెమెరాలున్నాయి. అడిగానంటే ఎందుకో చెప్పాలి. విశ్వేశ్వరరావు నిజం చెప్పక తప్పలేదు. తాను అడిగింది తన కోసం కాదనీ, కాబోయే అల్లుడు ఇవే మాటలు టోవా పాయోలో కూర్చుని మాట్లాడుతుంటే చెవులారా విన్నాననీ చెప్పాడు. 'కాబోయే' అన్న మాట నోట్లో ఉండగానే ఆ అవకాశం సన్నగిల్లడం అతనికే తెలుస్తోంది.

భ్రమరాంబ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మీరు చేసింది నా కొడుకు మీద పెడుతున్నరా?" అంది. భద్రయ్య గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెట్టబోయాడు. మాటలు పూర్తయ్యేదాకా ఎవరూ వెళ్ళవద్దని ఆఫీసరు చెప్పడంతో ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు. లీలావతి కూతురికి ఫోను చేసి పైకి రమ్మంది.

పిల్లలిద్దరూ నవ్వుకుంటూ లిఫ్టు దిగి, గుమ్మంలో యూనిఫారాలు చూసి ఆగిపోయారు. నిన్న తూటాల మాట అన్నది నువ్వేనా అని ఆఫీసరు వరుణ్‌ను అడిగింది. అతను ఒకసారి అందరి మొహాలూ చూశాడు.

"అవును మేడమ్. నేనే అన్న."

గెలిచానని విశ్వేశ్వరరావు అనుకున్నాడు. అయితే గెలిచినవాడికి కలగవలసిన సంతోషం అతనికి కలగలేదు, ఎందుకంటే అప్పుడు అతను కూతురి మొహం చూశాడు. భద్రయ్య రెండో చెప్పు చేత్తో పట్టుకున్నాడు.

వరుణ్ ఫోను తీసి న్యూజిలాండ్‌లో ఉన్న అక్క నందితకు వీడియో కాల్ చేశాడు. అక్కడ సాయంత్రమైంది. నందిత ఆ దేశపు దక్షిణ దీవిలో ఒక పల్లె ఆస్పత్రిలో డాక్టరు. కూతురు ప్రణవికి పన్నెండేళ్ళు. అక్కడి కొండల్లో జింకలు చీడపురుగుల్లా పెరిగి పొలాలు మేసేస్తుంటాయని, వాటిని కొట్టడం అక్కడ సేద్యంలో భాగమని నందిత ఆఫీసరుకు చెప్పింది. పక్క పొలం ఆయనకు లైసెన్సు ఉంది. తన పిల్లలతోపాటు ప్రణవిని కూడా పక్కనే ఉండి తీసుకువెళతానన్నాడు. ఆయన తుపాకీ పెద్దది, పిల్లకు చిన్నది కొందాం, ఏది కొనమంటారని అడిగాడు. నందితకు తుపాకుల గురించి ఏమీ తెలియదు, అందుకని తమ్ముణ్ణి అడిగింది. తెరమీదికి బురద బూట్లతో వచ్చిన ప్రణవి పోలీసులకు చెయ్యి ఊపింది.

తమ్ముణ్ణే ఎందుకు అడిగారని ఆఫీసరు అడిగింది. దీనికి వరుణ్ సిగ్గుపడుతూ జవాబు చెప్పాడు. అతను ఇక్కడి కుర్రాళ్ళందరిలాగే ఎన్.ఎస్., అంటే తప్పనిసరి సైనిక సేవ, చేశాడు. సైన్యంలో ఒకే ఒక్క రకం తుపాకీతో అట్ట బొమ్మల్ని కొట్టాడు. జింక సంగతి దేవుడెరుగు, కోడిని కూడా ఎప్పుడూ కొట్టలేదు. కానీ రెండేళ్ళు యూనిఫారం వేసుకున్నవాడికి ప్రపంచంలోని తుపాకులన్నీ తెలుసని చుట్టాలందరి నమ్మకం. తెలియదంటే అక్క వినలేదు. చేసేది లేక చదవడం మొదలుపెట్టాడు. వెనక నిలబడ్డ కుర్ర పోలీసు అప్పుడు మొదటిసారి నవ్వాడు. తన మేనత్తలు కూడా అంతేనన్నాడు.

"పెద్ద తూటా ఇస్తే జింక తప్పకుండ పడతదంటరు," అని వరుణ్ చెప్పుకుపోయాడు. ఇప్పుడతను పోలీసులతో కాక లీలావతితో మాట్లాడుతున్నట్టున్నాడు. "కానీ అది పిల్ల భుజాన్ని గుద్దుతది ఆంటీ. ఒకసారి దెబ్బ తిన్నదంటే రెండోసారి భయంతోని కండ్లు మూసుకుని పేలుస్తది. గురి తప్పి ఏ కడుపుకో తగిలితే ఆ జింక చావక బతకక దినమంత తిరుగుతది. మెత్తటిదైతే పిల్ల కండ్లు తెరిచి కొడతది. టూ ఫార్టీ త్రీ చిన్నదే, అందుకే దగ్గర్నుంచి, జింక కదలకుండ నిలబడి ఉన్నప్పుడే కొట్టాలె. కుదరకపోతే కొట్టకుండ వచ్చెయ్యమని చెప్పిన."

లీలావతి కుర్చీలో కూర్చుంది. ఎక్కడో ఉన్న పిల్ల భుజం గురించీ, ఎవరూ అడగని జింక నొప్పి గురించీ ఇంతసేపు ఆలోచించిన మగవాణ్ణి తన ఇంట్లో ఆమె ఇంతవరకు చూడలేదు. భ్రమరాంబ మాత్రం వేరే విషయం దగ్గర ఆగిపోయింది. తన మనవరాలి చేతికి తుపాకీ ఇస్తున్నారన్నది ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఫోను లాక్కుని, పోలీసులున్నారన్నది కూడా మరిచిపోయి, కూతుర్ని ఖమ్మం జిల్లా భాషలో దులిపేసింది. పోలీసులతో తేలిపోయిన వ్యవహారం ఆమెతో తేలడానికి చాలాసేపు పట్టింది.

ఈ హడావిడిలో నిఖిల తండ్రి పక్కకు వచ్చి నిలబడింది.

"ఆ టూ ఫార్టీ త్రీ సెలెక్ట్ చేసింది నేను. వరుణ్ సిక్స్ పాయింట్ ఫైవ్ అన్నాడు. ప్రణవి సన్నగా ఉంటుంది, ఇదే బెటర్ అని నేనే చెప్పా."

విశ్వేశ్వరరావు తెల్లబోయాడు. "నీకు తెలుసా?"

"ఫస్ట్ నుంచీ తెలుసు." ఆమె గొంతు పెంచలేదు. "మీరు షాపువాణ్ణి అడిగారు. సాయిబాబు అంకుల్‌ని అడిగారు. నేను ఇంట్లోనే ఉన్నా కదా నాన్నా. నన్ను ఒక్క మాట అడగలేదు. ఎప్పుడూ అడగరు."

ఎంతమందినో అనుమానించాడు గానీ, తన కూతురికి ఏదైనా తెలిసి ఉంటుందన్న అనుమానం అతనికి ఒక్కసారి కూడా రాలేదు. అతనికి నిజంగా సిగ్గేసింది. చెయ్యి కూతురి తలమీద పెట్టాడు. ఆమె చెయ్యి తోసేయలేదు గానీ, క్షమించినట్టు కూడా కనపడలేదు.

పోలీసులు నందిత వివరాలు రాసుకుని, పొరుగాయనతో కూడా మాట్లాడి, ఇంకేం అభ్యంతరం లేదని లేచారు. లీలావతి తినమని బలవంతపెడితే హలాలేనా అని అడిగి, టెక్కాలో హలాల్ కొట్టు మేకేనని తెలిశాక, డ్యూటీలో ఉన్నామని మొహమాటపడుతూ డబ్బాలో పెట్టించుకుని వెళ్ళారు. ఆ గోంగూర మాంసం మేకదేనని పోలీసుల సాక్షిగా తేలడంతో భద్రయ్య కాలి చెప్పు విప్పి, తిరిగి వచ్చి కూర్చుని, ఒక ముక్క రుచి చూశాడు. తరువాత గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.

గిన్నె ఖాళీ అయ్యాక చెయ్యి కడుక్కుని వచ్చి విషయం కదిపాడు. "పిల్ల బంగారం. వదిన చేతివంట గురించి చెప్పేదే లేదు. గని బావగారూ, పిల్ల తండ్రి గురించి మేం కొంచెం అడిగి చూస్కోవాలె. కొన్ని దినాలు టైమియ్యండ్రి."

సంబంధాలు వద్దనడమే తప్ప వద్దనిపించుకోవడం విశ్వేశ్వరరావు ఎరగడు. ఇప్పుడు కూతురి పెళ్ళి అతని నడవడి మీద ఆధారపడింది. మర్నాటి నుంచీ అతను లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్ళనూ చూసి నవ్వసాగాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ నవ్వని మనిషి నవ్వుతుంటే ఆ బ్లాకువాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. బ్యాంకులో కృష్ణప్రసాద్ అనే సహోద్యోగి వచ్చి, నీకు కోపమెక్కువా అని ఎవరో పెద్దాయన ఫోను చేసి అడిగాడన్నాడు. గుడి దగ్గర పూలమ్మే ఆవిడ, మీరు దక్షిణ వేస్తారా వేయరా అని ఒకామె కనుక్కుని వెళ్ళిందంది. మంగలి ఏమీ చెప్పలేదు గానీ, కత్తెర ఆడిస్తూ అదోలా నవ్వాడు. ఒకరోజు ఆఫీసు కింద కాఫీ తాగుతూ వెనక్కి తిరిగి చూస్తే, స్తంభం పక్కన మాస్కు పెట్టుకున్న మనిషి గబుక్కున పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు కింద కనపడుతున్నవి భద్రయ్య చెప్పులు.

ఆ సాయంత్రం విశ్వేశ్వరరావు ఇంట్లో ఉడికిపోయాడు. మనిషి ఎదురుగా ఉండగా ఊరంతా తిరిగి అడగడమేమిటనీ, ఇది పద్ధతి కాదనీ, ఏదన్నా ఉంటే నన్నే అడగవచ్చుగా అనీ అన్నాడు. లీలావతి గోంగూర ఆకు గిల్లుతూ అతని వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఆకు గిల్లుకుంది. నిఖిల గదిలోంచి నవ్వు వినపడింది. ఆ నవ్వు విన్నాక అతనికి కోపం నిలవలేదు. లేచి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ప్రణవి వేటకు వెళ్ళిందా అని కూతుర్ని అడిగాడు. బహుశా అతను ఆమెను నేరుగా అడిగిన మొదటి ప్రశ్న అదే. నిఖిల ఫోను చూపించింది. ప్రణవి ఒక్క తూటాతోనే కొట్టింది. భుజానికి ఏమీ కాలేదు. జింక మాంసంలో గోంగూర ఎంత వేయాలని నందిత అడిగితే, లీలావతి ఆడియో మెసేజ్ పంపింది. తండ్రీకూతుళ్ళు ఆ రాత్రి తిండి వేళ దాటేదాకా కబుర్లు చెప్పుకున్నారు.

చివరికి సాయిబాబు ఫోను చేశాడు. వాళ్ళకు సమ్మతమేననీ, నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టుకోవచ్చనీ చెప్పాడు. నిఖిల తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. తన గురించి వాకబులో ఏం తేలిందని విశ్వేశ్వరరావు ఫోనులో చాలా మామూలుగా అడిగాడు.

అడిగిన ప్రతివాళ్ళూ మంచివాడనే చెప్పారట, భద్రయ్యకు ఇంకా అనుమానంగా ఉన్నది అదొక్కటేనట.